పెప్పర్ స్ప్రే పెట్టెలో పెట్టుకుని రావచ్చా అని అడిగిన మహబూబ్‌నగర్ చెల్లెలికి

చెల్లెమ్మా,

వచ్చే నెల చదువు కోసం లండన్ వస్తున్నానని, అమ్మ కొనిచ్చిన పెప్పర్ స్ప్రేను సూట్‌కేసులో పెట్టుకోవచ్చా అని అడిగావు. పెట్టుకోవద్దు. అమెరికాలో ఉంటున్న అన్న ఒకరు, అక్కడ తాళంచెవుల గుత్తికే తగిలించుకుని తిరుగుతామని, భయపడకుండా తెచ్చుకోమని నీ ప్రశ్నకు జవాబుగా రాశారు. ఆయన ఉన్న చోటికి ఆ మాట నిజమే కానీ నువ్వు వస్తున్న దేశానికి అది వర్తించదు.

బ్రిటన్‌లో 1968 నాటి తుపాకుల చట్టం ఐదో సెక్షన్, హాని చేసే ద్రవాన్ని గానీ వాయువును గానీ చిమ్మడానికి తయారైన పరికరాన్ని నిషిద్ధ ఆయుధాల జాబితాలో చేర్చింది. మన దగ్గర ఏ లైసెన్సూ అడగకుండా అమ్మే ఆ చిన్న డబ్బా, హీత్రూలో దిగగానే మెషిన్‌గన్ ఉన్న సెక్షన్ కిందికే వస్తుంది. ఎవరి మీదా కొట్టకపోయినా, దగ్గర ఉండటమే నేరం, దానికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ల జైలు. విద్యార్థికి అంత వేయకపోవచ్చు గానీ, పోలీసులు హెచ్చరికతో వదిలేసినా అది రికార్డులోకి ఎక్కుతుంది, తర్వాత వీసా దరఖాస్తులో చెప్పుకోవలసి వస్తుంది.

స్ప్రే కాకపోతే కారప్పొడి పొట్లమైనా సంచిలో వేసుకోవచ్చు కదా అని మరో చెల్లెలు అడిగింది. పచ్చళ్లతో పాటు కారం నిక్షేపంగా తెచ్చుకోవచ్చు, వంటింట్లో ఉన్నంతసేపు అది వంట సరుకే. అయితే 1953 నాటి మరో చట్టం ప్రకారం, ఎవరినైనా గాయపరచాలనే ఉద్దేశంతో బయటికి తీసుకెళ్లిన ఏ వస్తువైనా ఆయుధమే అవుతుంది. చీకటి పడితే భయమేస్తుంది కాబట్టి రోజూ దగ్గర పెట్టుకున్నానని చెబితే, ఆ కారణం మామూలుగా సరిపోదు.

ఆ పొట్లం సంగతి నాకు బాగా తెలుసు. నల్లగొండలో చదువుకునే రోజుల్లో, మిర్యాలగూడ నుంచి వచ్చే చివరి బస్సు దిగి హాస్టల్ దాకా నడవాలని, మా అమ్మ పాత న్యూస్‌పేపర్‌లో పిడికెడు కారం కట్టి సంచి పక్క జేబులో పెట్టేది. ఒక రాత్రి ఒకడు బస్టాండు నుంచి నా వెనకే వచ్చి, దీపాల్లేని సందులో చున్నీ పట్టుకున్నాడు. నేను పొట్లం చింపి విసిరాను. గాలి ఎదురుగా ఉండటంతో సగం కారం నా కళ్లలోనే పడింది. నా కేకకు ఎదురింటివాళ్లు తలుపు తీయడంతో వాడు పారిపోయాడు. గిర్నీలో కారం పట్టించేటప్పుడు ఊరికే దగ్గు వస్తుంది, ఇది అలా కాదు, రెప్ప తెరవలేని మంట. మిరపలోని ఘాటు నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదు, అందుకే ఎన్ని చెంబుల నీళ్లు కొట్టినా చాలాసేపు తగ్గలేదు. స్ప్రేలో ఉండేదీ ఆ ఘాటే, ఇంకా చిక్కగా.

అయినా సరే, వయసొచ్చినవాళ్లకు స్ప్రేను దగ్గర పెట్టుకునే హక్కు ఉండాలన్నదే నా అభిప్రాయం. ఆ పొట్లం వాడిని ఆపలేదు, నిజమే, కానీ అది జేబులో లేకపోతే ఆ సందులో అడుగు పెట్టే ధైర్యమే నాకు ఉండేది కాదు, చదువు అక్కడితో ఆగిపోయేది. 2019 నవంబరులో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద ఆ పశువైద్యురాలి దేహం దొరికిన తర్వాత, హైదరాబాద్ మెట్రోలో ఆడవాళ్లు స్ప్రే తీసుకెళ్లడానికి అనుమతించారు. మన ప్రాంతంలో కూతురున్న ప్రతి ఇంటికీ ఆ అవసరం ఏమిటో తెలుసు.

దుర్వినియోగం అవుతుందనేవాళ్ల మాటనూ నేను కొట్టిపారేయను. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు పెట్టిన రోజే లోక్‌సభలో ఒక ఎంపీ స్ప్రే కొడితే, సభ్యులు దగ్గుతూ ఆసుపత్రికి వెళ్లడం మనమంతా టీవీలో చూశాం. అందుకే బేషరతుగా ఇమ్మనను. న్యూయార్క్ రాష్ట్రంలో 18 ఏళ్లు నిండినవాళ్లకు, తీవ్రమైన నేరాల్లో శిక్ష పడనివాళ్లకు, ఫార్మసిస్టు గానీ లైసెన్సున్న తుపాకుల వ్యాపారి గానీ నేరుగా అమ్మాలన్న నియమం ఉంది. బ్రిటన్ కూడా ఆ దారిలో ఆలోచించాలని స్థానిక ఎంపీకి నేను ఉత్తరం రాశాను. చట్టం మారాలని అడుగుతూనే, మారేదాకా దాన్ని పాటించాలి, పరాయి దేశంలో మనకు ఇంకో దారి లేదు.

నువ్వు ఇక్కడికి వచ్చాక, పిన్ను లాగితే గట్టిగా మోగే అలారం ఒకటి కొనుక్కో, దానికి ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడి అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసి మాట్లాడలేని పరిస్థితి వస్తే, మొబైల్‌లో 55 నొక్కితే కాల్ పోలీసులకు వెళ్తుంది. ఎవరైనా మీద పడితే, ఆ క్షణంలో చేతికందిన గొడుగుతోనైనా తగినంత బలంతో ఎదుర్కోవడాన్ని ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది.

శంషాబాద్ బయలుదేరే ముందు రాత్రి సూట్‌కేసును, హ్యాండ్‌బ్యాగు లోపలి జేబులను మరోసారి నువ్వే వెతుకు, అమ్మ ప్రేమ కొద్దీ మళ్లీ పెట్టేయవచ్చు. ఆ డబ్బా మీద గడువు తేదీ చూసి, రోజూ జడ్చర్ల నుంచి బస్సులో కాలేజీకి వెళ్తుందని నువ్వు రాసిన మీ చెల్లికి ఇవ్వు, గాలి ఎటు వీస్తోందో చూసి కొట్టమని చెప్పు.