సిగార్ దుకాణంలో గుర్తింపు కార్డు చూశాక కూడా వయసుతో పనేమిటి?

ఫ్రిస్కో వాసి (చర్చ ప్రారంభం)

అమెరికాలో సిగార్లు మాత్రమే అమ్మే దుకాణాలకు వెళ్ళే తెలుగువారు ఇక్కడ చాలామందే ఉన్నారు కనుక ఈ ప్రశ్నను చర్చకు పెడుతున్నాను. కొనేవాడి ముఖం చూసి అతనికి ఏమి తెలుసో, ఎంత ఖర్చు పెట్టగలడో దుకాణం వాళ్ళు ముందే తేల్చేసుకోవడం, అలాగే అమ్మేవాడు కుర్రవాడైతే అతనికి సరుకు గురించి ఏమీ తెలియదని కొనేవాళ్ళు నిర్ణయించుకోవడం, ఈ రెండూ సబబేనా?

నా అభిప్రాయం దాచుకోను. ఆ దుకాణంలో వయసు గురించి అడగవలసిన సందర్భం ఒక్కటే ఉంది, అది చట్టం చెప్పినది. 2019 డిసెంబరు 20 నాటి చట్టం ప్రకారం అమెరికా అంతటా 21 ఏళ్ళు నిండని వారికి ఏ పొగాకు ఉత్పత్తినీ అమ్మకూడదు, సిగార్లూ అందులోకే వస్తాయి. నాకు ముప్ఫై దాటాయి, అయినా చూసేవాళ్ళకు కాలేజీ విద్యార్థిలా కనిపిస్తాను. కార్డు అడిగితే వెంటనే తీసి చూపిస్తాను, అందులో నాకు చిన్నతనం ఏమీ లేదు. నన్ను బాధపెట్టేది ఆ కార్డు నా చేతికి తిరిగి వచ్చాక జరిగేది.

ఈ మధ్య ఒక దుకాణంలో సిగార్లు ఎండిపోకుండా తేమలో ఉంచే హ్యూమిడార్ గదిలోకి వెళ్ళి నికరాగువా సిగార్ల అర దగ్గర నిలబడ్డాను. అక్కడ పనిచేసే పెద్దాయన వెనకాలే వచ్చి, అవి ఘాటుగా ఉంటాయని, ఖరీదు కూడా ఎక్కువేనని, కాఫీ, వెనిల్లా వాసన పట్టించిన రకాలు బయట కౌంటర్ దగ్గర ఉన్నాయని, నా వయసు వాళ్ళు అవే తీసుకుంటారని చెప్పారు. నేను ఏమి కాలుస్తానో ఆయన ఒక్క మాటైనా అడగలేదు. అదే గదిలో తల నెరిసిన మరొకాయన ఉన్నారు. ఆయనకు ఒక ట్రే అందించి, తీరిగ్గా చూసుకోమని వదిలేశారు. కాసేపటికి ఆ రెండో ఆయన నా దగ్గరికి వచ్చి, ఇది ఏ కొస కత్తిరించాలని నెమ్మదిగా అడిగారు. ఉద్యోగ విరమణ చేసిన సందర్భంగా మొదటిసారి కొంటున్నారట. సహాయం కావలసిన మనిషిని వదిలేసి అక్కర లేనివాడి వెంట తిరగడం ఇద్దరికీ జరిగిన నష్టం కాదా? తెల్ల జుట్టు చూసి అన్నీ తెలుసనుకోవడం గౌరవంలా కనిపిస్తుంది గాని, అడగడానికి సిగ్గుపడే ఒక కొత్త మనిషిని అది ఒంటరిని చేస్తుంది.

కౌంటర్ వెనుక

నేను న్యూజెర్సీలో ఒక సిగార్ దుకాణంలో పనిచేస్తున్నాను, నా వయసు 24. ముందుగా చట్టం సంగతి పూర్తిగా చెబుతాను, ఎందుకంటే కార్డు అడగడాన్నే అవమానంగా తీసుకునే కొనుగోలుదారులు ఇప్పటికీ ఉన్నారు. ఫెడరల్ చట్టం రాకముందే, 2017 నవంబరు నుంచే, మా రాష్ట్రంలో 21 ఏళ్ళ నిబంధన అమలులో ఉంది. ఆ తర్వాత 2024 సెప్టెంబరు 30 నుంచి ఎఫ్‌డీఏ (ఆహారం, మందులు, పొగాకును నియంత్రించే ఫెడరల్ సంస్థ) మరొక నిబంధన తెచ్చింది: పొగాకు ఉత్పత్తి కొనడానికి వచ్చినవారి వయసు 30 లోపు అయితే ఫొటో ఉన్న కార్డు చూసి తీరాలి. అంతకు ముందు ఆ హద్దు 27 ఏళ్ళు. ఖరీదైన సిగార్లపై ఎఫ్‌డీఏ అధికారం ఎంతవరకు అన్న వ్యాజ్యం కోర్టుల దాకా వెళ్ళింది కాని, దానితో నిమిత్తం లేకుండా మా యజమాని లోపలికి వచ్చిన ప్రతివారి కార్డూ చూడమన్నారు. 21 నిండనివారిని తనిఖీ కోసం పంపించి దుకాణాలను పరీక్షించడం ఇక్కడ మామూలే. వారికి అమ్మితే మొదట హెచ్చరిక లేఖ వస్తుంది, మళ్ళీ జరిగితే జరిమానా పడుతుంది.

అసలు విషయానికి వస్తాను. ఫ్రిస్కో వాసి గారు చెప్పినది కౌంటర్‌కు అటువైపు కథ, ఇటువైపు కథ కూడా అంతే బరువైనది. వయసు మళ్ళిన కొనుగోలుదారులు లోపలికి రాగానే నన్ను దాటుకుని మా సహోద్యోగి కోసం వెతుకుతారు. ఆయనకు అరవై ఏళ్ళు, మంచివారు, కాని పైపులలో వేసుకునే పొగాకు ఆయన రంగం, సిగార్లు నా బాధ్యత. ఆయన మళ్ళీ నన్నే పిలుస్తారు, అప్పుడు కొనుగోలుదారు ముఖంలో కనిపించే అసంతృప్తిని నేను రోజూ భరించాలి.

తెలియడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. సిగార్ లోపల ఉండే ఆకు మొక్క మీద ఏ ఎత్తున కాసిందన్నదాన్ని బట్టి గుణం మారుతుంది. కొసన ఎండ బాగా తగిలే లిగేరో ఆకు ఘాటును ఇస్తుంది, నడిమి సెకో ఆకు వాసనను ఇస్తుంది, అడుగున ఉండే వొలాదో ఆకు సమంగా కాలడానికి పనికొస్తుంది. ఈ మూడింటి పాళ్ళే ఒక సిగార్ ఘాటును చాలావరకు నిర్ణయిస్తాయి. పైన చుట్టిన ఆకు నల్లగా ఉంటే సిగార్ ఘాటుగా ఉంటుందని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. మదూరో అనే ఆ నల్లని ఆకుకు ఆ రంగు ఎక్కువ కాలం పులియబెట్టడం వల్ల వస్తుంది, తరచుగా అందులో తీపి ఛాయ కూడా ఉంటుంది. ఈ పొరపాటు నమ్మకాన్ని నేను కొత్త కుర్రవాళ్ళకంటే దశాబ్దాలుగా కాలుస్తున్నవారిలోనే ఎక్కువగా చూస్తున్నాను, ఎందుకంటే వారిని సరిదిద్దే ధైర్యం ఎవరూ చేయరు. నేను చేస్తే నా వయసు అడ్డం వస్తుంది.

లంకల ఊరి పెద్దాయన

మీ ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. మాది గోదావరి లంకల పక్క ఊరు, ఇప్పుడు పిల్లల దగ్గర ఇక్కడే ఉంటున్నాను. వరద తీశాక మిగిలిన ఒండ్రు మీద వేసిన చుట్టపొగాకు మధ్య పెరిగినవాడిని, ఆకును వేళ్ళ మధ్య నలిపి చూసి పదును చెప్పే పెద్దల దగ్గర నేర్చుకున్నవాడిని. అందుకే మీతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను.

పొగాకు రుచి చదువుకుంటే వచ్చేది కాదు. లిగేరో, సెకో పేర్లు నాలుగు రోజుల్లో కంఠస్థం అవుతాయి, నాలుకకు తెలియడానికి ఏళ్ళు పడుతుంది. ఇరవై నాలుగేళ్ళ అబ్బాయి చెప్పినదానికంటే అరవై ఏళ్ళ మనిషి చెప్పినదాన్ని నేను ముందుగా వింటాను, అది అతని మీద చులకన భావంతో కాదు, నలభై ఏళ్ళ కాలం మీద ఉన్న నమ్మకంతో. పైగా ఫెడరల్ చట్టం కొనేవారికి 21 అని గీత గీసింది గాని అమ్మే ఉద్యోగికి అటువంటి గీత పెట్టలేదు. రాష్ట్ర చట్టం కాదననిచోట పందొమ్మిదేళ్ళ కుర్రవాడు తాను కొనడానికి వీలులేని వస్తువును నాకు సిఫారసు చేయవచ్చు. అతని నాలుకను నేను ఎలా నమ్మాలో మీరే చెప్పండి.

ఇక కుర్రవాడిని తేలిక రకం వైపు మళ్ళించడం గురించి. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ పెట్టెలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. అలవాటు లేనివాడు కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఘాటైనది కాలిస్తే చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, వాంతి చేసుకుంటాడు. మా ఊరి చుట్టతోనూ అంతే. స్నేహితుల ముందు గొప్పకు పోయి ఘాటైనదే కావాలనే వయసు ఒకటి ఉంటుంది. ఆ వయసును గుర్తుపట్టి ఆపే పెద్దరికం దుకాణదారుకు ఉంటే నేను సంతోషిస్తాను. ఫ్రిస్కో బాబుకు ఆ ఆపడం కష్టం కలిగించింది, అది నాకు అర్థమవుతుంది, కాని ఆ ఉద్యోగి ఉద్దేశం చెడ్డదని చెప్పలేం.

వైద్యురాలిని

క్లుప్తంగా ఒక మాట. సిగార్ పొగను లోపలికి పీల్చకపోయినా నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఉంటుంది. యువకులకు దుకాణాల్లో మర్యాద తక్కువగా దొరుకుతున్నదన్న బాధ నా దృష్టిలో రెండో స్థానంలో ఉంటుంది, ముందు వారు ఆ గుమ్మం తొక్కకుండా ఉండాలి. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవయసు ఆడవాళ్ళలో అంగిలి మీద వచ్చే పుండ్లు వైద్య గ్రంథాలకు ఎక్కిన విషయం. వాళ్ళకు ఎన్నో ఏళ్ళ అనుభవం ఉంది. ఆ అనుభవం వాళ్ళను కాపాడలేదు.

ఫ్రిస్కో వాసి

డాక్టర్ గారూ, మీ హెచ్చరికను తోసిపుచ్చను. కాని నేను చూసినంతలో ఉద్యోగి చిన్నచూపు ఎవరినీ సిగార్ మాన్పించలేదు. అక్కడ మర్యాద దొరకని యువకుడు అడిగే నాథుడు లేని ఆన్‌లైన్ దుకాణానికి వెళతాడు, లేదా ఆ ఉద్యోగి చూపిన వెనిల్లా రకంతోనే మొదలుపెడతాడు. కుర్రవాళ్ళను పొగాకు వైపు లాగేవి ఆ రుచులేనన్న ఆందోళనతోనే కదా కాలిఫోర్నియా, మసాచుసెట్స్ రాష్ట్రాలు రుచులు కలిపిన పొగాకు ఉత్పత్తుల అమ్మకంపై నిషేధాలు తెచ్చాయి. వయసు చూసి చేసిన ఆ అంచనా నన్ను కాపాడే దిశలో కాక, సరిగ్గా దానికి ఎదురు దిశలో నడిపించింది.

పెద్దాయన గారికి గౌరవంతో ఒక సంగతి విన్నవిస్తాను. కొత్తవాడికి తేలిక రకం ఇవ్వాలన్న మీ మాటను నేను ఒప్పుకుంటున్నాను. కొత్తవాడు, కుర్రవాడు ఒకరే అనుకోవడం దగ్గరే మన అభిప్రాయాలు వేరవుతున్నాయి. హ్యూమిడార్ గదిలో నన్ను సలహా అడిగిన ఆయనకు అరవై దాటే ఉంటాయి, కొత్తవాడు ఆయన. ఆయన చేతిలో ఉన్నది ఆ అరలో ఉన్నవాటిలో బాగా ఘాటైన రకం. మీరు చెప్పిన చెమటలు, కళ్ళు తిరగడం ఆయనకు పట్టే అవకాశమే ఎక్కువ, గుండె జబ్బు ఏదైనా ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. ఆ దుకాణంలో పెద్దరికం చూపవలసిన చోట ఎవరూ చూపలేదు.

చట్టం కూడా ఈ విషయంలో మనకు పెద్దగా అండ కాదు, అందువల్ల ఇది మర్యాదకు సంబంధించిన ప్రశ్నగానే మిగులుతుంది. ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధించిన 1967 నాటి ఫెడరల్ చట్టం 40 ఏళ్ళు, ఆపైన ఉన్నవారినే కాపాడుతుంది, కనుక కౌంటర్ వెనుక ఉన్న 24 ఏళ్ళ మిత్రుడికి అది వర్తించదు. బహిరంగ ప్రదేశాల్లో వివక్ష కూడదన్న 1964 చట్టపు భాగం జాతి, రంగు, మతం, జాతీయ మూలాల గురించి చెబుతుంది, వయసు ఆ జాబితాలో లేదు.

హైదరాబాద్ నుంచి

మన దగ్గర సమస్య తలకిందులుగా ఉంది. 2003 నాటి పొగాకు చట్టంలోని 6వ సెక్షన్ 18 ఏళ్ళ లోపు వారికి అమ్మకూడదని, విద్యాసంస్థలకు 100 గజాల లోపల అమ్మకూడదని చెబుతుంది. కొనేవారు మైనరు కాదని నిర్ధారించుకునే బాధ్యత కూడా అమ్మేవారిదే. అయినా పాన్ డబ్బాలో కార్డు అడగడం నేను చూడలేదు. నాన్న పంపించాడని చెప్పి సిగరెట్లు పట్టుకెళ్ళే పిల్లలను అందరం చూస్తూనే పెరిగాం. మీ దగ్గర ఒకసారి కార్డు చూశాక వయసు మాటను అక్కడితో ఆపడం లేదు, మా దగ్గర అసలు మొదలే పెట్టలేదు. అడగవలసిన ఒక్క ప్రశ్న అడిగితే చాలునని నేను ఇక్కడి నుంచి కోరుకుంటున్నాను.

కౌంటర్ వెనుక

పెద్దాయన గారూ, మీ ప్రశ్న న్యాయమైనది కనుక సూటిగా జవాబు చెబుతాను. నా నాలుకను మీరు నమ్మనక్కర లేదు. కౌంటర్ దగ్గర నా పని నా రుచి చెప్పడం కాదు, మీ రుచి కనుక్కుని దానికి దగ్గరగా ఉన్నది చూపించడం. మా దుకాణంలో ఎవరు వచ్చినా కార్డు చూశాక నేను మూడు సంగతులే అడుగుతాను: ఇంతకు ముందు కాల్చినవాటిలో నచ్చినది ఏది, ఇప్పుడు ఎంత సమయం ఉంది, భోజనం అయిందా. నచ్చినది చెప్పలేకపోతే ఆ మనిషి కొత్తవారని తెలిసిపోతుంది, అప్పుడు వయసు ఇరవై రెండైనా డెబ్బై రెండైనా కనెక్టికట్ అనే లేత రంగు ఆకును పైన చుట్టిన తేలిక రకం, అందులోనూ చిన్నది, చూపిస్తాను. అర్ధగంటే ఉందంటే ఏడు అంగుళాల పొడవుండే చర్చిల్ సైజు వైపు వెళ్ళనివ్వను, దానికంటే పొట్టిదైన రొబుస్టో కూడా వద్దంటాను. భోజనం కాలేదంటే అలవాటు ఉన్నవారికి సైతం ఘాటైనది తర్వాత కాల్చుకోమంటాను.

మీరు ఆకును నలిపి పదును చెప్పగలరు. నేను చెప్పలేను, మీ దగ్గర నేర్చుకోవాలని నిజంగానే ఉంది. కాని మీరు మా దుకాణానికి వస్తే మీకు ఆ విద్య తెలుసని నేను మీ జుట్టు చూసి గ్రహించలేను. మిమ్మల్ని అడిగితేనే తెలుస్తుంది. అడగకపోతే పెద్దవారు కదా తేలికగా ఉండాలని మీ చేతిలో మెత్తని రకం ఒకటి పెట్టి పంపించే అవకాశమే ఎక్కువ.

లంకల ఊరి పెద్దాయన

అది నాకు జరిగింది కూడాను. మా అబ్బాయి ఇంటి దగ్గరి దుకాణంలో ఒకాయన నా వయసుకు ఇదే మంచిదని అతి మెత్తని రకం ఇచ్చారు, చుట్ట అలవాటున్న నాకు అది గాలి పీల్చినట్టుగా అనిపించింది. ఆ పూట నేను ఏమీ అనలేదు, పెద్దవాడిని కనుక ఆయన నా ఆరోగ్యం తలచారనుకున్నాను.

నీ మూడు ప్రశ్నలు బాగున్నాయి బాబూ. నాకు ఒక్క అభ్యంతరం మాత్రం మిగిలే ఉంది. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు నలుగురు స్నేహితులతో వచ్చి, తాను చాలాకాలంగా కాలుస్తున్నానని, ఘాటైనదే కావాలని గట్టిగా చెప్పాడనుకో. ఆ వయసులో వాడు స్నేహితుల ముందు నిజం చెప్పడు. డెబ్బై రెండేళ్ళ మనిషికి అలా అబద్ధం ఆడవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అటువంటప్పుడు నువ్వు అతని మాట వింటావా, అతని వయసు చూస్తావా?

కౌంటర్ వెనుక

అతని మాట వింటానండీ, విని ఇంకో ప్రశ్న అడుగుతాను: చివరగా కాల్చినది ఏ సైజు, ఎక్కడిది అని. నిజంగా కాల్చేవాడు ఏదో ఒక పేరో, కనీసం సిగార్ చుట్టూ ఉండే కాగితపు పట్టీ రంగో చెబుతాడు. చెప్పలేకపోతే స్నేహితులకు వినపడకుండా పక్కకు తీసుకెళ్ళి తేలికది చూపిస్తాను. డెబ్బై రెండేళ్ళ వారి విషయంలోనూ అదే చేస్తాను. అరవై దాటినవాళ్ళు కూడా అల్లుళ్ళ ముందు, పాత ఆఫీసు మిత్రుల ముందు ఘాటైనదే అడిగి తర్వాత లాంజ్‌లో మంచినీళ్ళు అడగడం నేను చూశాను.