వచ్చే ఏడాది ఆరో తరగతి సీటు: ఇప్పటి నుంచే అప్లై చేయాలా?

కుట్టుమిషన్_ఖానాపురం

అందరికీ నమస్తే. మాది వరంగల్ జిల్లా ఖానాపురం మండలంలో చిన్న ఊరు. పాప ఈ జూన్‌లో ఐదో తరగతికి వచ్చింది. ఒకటి నుంచీ నర్సంపేటలో ప్రైవేటు బడి, వ్యాన్‌లో పోయి వస్తుంది. నేను ఇంట్లో బట్టలు కుడతాను, ఆయన కోత మిషన్ డ్రైవర్. సీజన్ ఉంటేనే పని. ఫీజు, వ్యాన్ కిరాయి కలిపి ఇక మా వల్ల కావడం లేదు. ఆరో తరగతి నుంచి గురుకులమో, నవోదయనో, మోడల్ స్కూలో చూద్దామనుకుంటున్నాం. మేం బీసీలం.

ఎవరిని అడిగినా తలా ఒక మాట. మా ఆడబిడ్డేమో "గురుకులం పరీక్ష నాలుగో తరగతిలోనే రాయాలి, నీకు టైం అయిపోయింది" అంటుంది. బడిలో సార్ "ఎండాకాలం సెలవుల్లో చూసుకోవచ్చులే" అన్నాడు. ఎవరిది నిజం? ఏ కాగితాలు కావాలి? పాప లెక్కల్లో చురుకే, తెలుగు చదవడం మాత్రం నెమ్మది. హాస్టల్లో ఉండగలదా అని నాకే లోపల గుబులుగా ఉంది, అది వేరే సంగతి.

మీసేవ_పక్క_షాపు

అక్కా, నాది హన్మకొండలో నెట్ సెంటర్. కాగితాల సంగతి నేను చెప్తా, స్కూళ్ల సంగతి సార్లు ఎవరైనా చెప్తారు.

ముందు పాప ఆధార్, బడి రిజిస్టర్, పుట్టిన సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక దాంట్లో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఇంకో దాంట్లో వెనక ఉంటుంది, మూడో దాంట్లో అసలు ఉండదు. పుట్టిన తేదీ కూడా బడిలో చేర్పించిన రోజు ఎవరో నోటికొచ్చింది రాసి ఉంటారు. ఇవి సరిచేయడానికి పట్టే టైం ముందు ఫారం నింపే టైం ఎంత! కులం సర్టిఫికెట్ పాప పేరు మీద తీయండి. ఆదాయం సర్టిఫికెట్ పాతది ఉంటే తేదీ చూసుకోండి. ఎమ్మార్వో ఆఫీసులో సంతకం కావాలి కాబట్టి చివరి వారంలో మీసేవకు పోతే టెన్షనే.

ఇంకో మాట. ఫారంలో మీ ఫోన్ నంబరే ఇవ్వండి. కొన్ని షాపుల్లో వాళ్ల నంబర్ వేసేస్తారు. రేపు హాల్ టికెట్, రిజల్ట్ మెసేజీలన్నీ ఆ షాపుకే పోతాయి. నేనూ షాపువాడినే, అయినా చెప్తున్నా.

పరకాల_పంతులు

చెల్లె, మీ ఆడబిడ్డ చెప్పింది సగం నిజం. బడి సార్ చెప్పింది మాత్రం నమ్మకండి. సెలవుల దాకా ఆగితే మిగిలేది ప్రైవేటు బళ్ల కరపత్రాలే. నేను ప్రాథమిక పాఠశాలలో హెచ్ఎంను, ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఏటా ఇదే ప్రశ్నతో వస్తారు.

గురుకులాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలో చేరడానికి. నాలుగు చదివే పిల్లలు దాన్ని రాస్తారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాలన్నింటికీ ఒకటే పరీక్ష. ఆ తలుపు మీ పాపకు మూసుకున్నట్టే. అయితే ఆరు నుంచి తొమ్మిది దాకా ఖాళీ అయిన సీట్లకూ పరీక్ష పెడతారు, వాటినే బ్యాక్‌లాగ్ సీట్లు అంటాం. ఈమధ్య ఆ అప్లికేషన్లు కూడా చలికాలంలోనే తీసుకుంటున్నారు. ఊళ్లో ఉండేవాళ్లకు ఏడాది ఆదాయం లక్షన్నర లోపు, పట్నంలో రెండు లక్షల లోపు ఉండాలి. బీసీ గురుకులాలంటే మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్నవి. పిల్లలు మానేస్తే మిగిలిన సీట్లు కాబట్టి ఎక్కడ ఎన్ని ఉంటాయో ఎవరూ ముందే చెప్పలేరు. రాయించండి, దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

ఇప్పుడు మీరు కదలాల్సింది నవోదయకు. మామునూరు నవోదయలో ఆరో తరగతికి ఐదు చదువుతున్న ఏడాదిలోనే రాయాలి, రెండోసారి రాయనివ్వరు. కొన్నేళ్లుగా అప్లికేషన్లు జూన్, జూలై నెలల్లో మొదలవుతున్నాయి, చివరి తేదీ ఏటా మారుతుంది. ఫీజు లేదు. బడి హెచ్ఎం సంతకం చేసిన సర్టిఫికెట్ మీద పాప ఫొటో, పాప సంతకం, మీ సంతకం ఉండాలి. దాన్ని స్కాన్ చేసి అప్‌లోడ్ చేయాలి. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 50 మార్కులు మేధాశక్తికే, అంటే బొమ్మలు చూసి పోలిక, తేడా పట్టే ప్రశ్నలకు. లెక్కలకు 25, భాషకు 25. భాష అంటే పేరా చదివి జవాబు గుర్తించడం. తెలుగు నెమ్మది అన్నారు కాబట్టి రోజూ ఒక పేరా గట్టిగా చదివించి, ఏం అర్థమైందో అడగండి. గైడ్ తర్వాత కొనొచ్చు.

కానీ ఒక చిక్కుంది, ఇది చాలామందికి తెలియదు. నవోదయలో 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. గ్రామీణ కోటా కావాలంటే ఊళ్లో ఇల్లుంటే సరిపోదు, మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామంలోని బడిలోనే చదివి ఉండాలి. మీ పాప చదివేది నర్సంపేటలో, అది మున్సిపాలిటీ. కాబట్టి ఊరి పిల్లే అయినా పట్టణ పిల్లలతో పోటీ పడాలి. వ్యాన్ ఎక్కించేటప్పుడు ఈ సంగతి ఏ తల్లిదండ్రులకూ ఎవరూ చెప్పరు. సీట్లు ఎక్కువలో ఎక్కువ 80, అదీ పాత వరంగల్ జిల్లా అంతటికీ. రాయించొద్దని కాదు, ఆశ ఎంత పెట్టుకోవాలో తెలియాలని చెప్తున్నా.

మీకు హాస్టల్ గుబులు ఉందన్నారు కాబట్టి మోడల్ స్కూల్ నయం అనిపిస్తుంది. ఆరు నుంచి ఇంటర్ దాకా ఒకేచోట, ఇంగ్లిష్ మీడియం. పొద్దున పోయి సాయంత్రం రావడమే, ఆడపిల్లల హాస్టల్ తొమ్మిదో తరగతి నుంచి. నోటిఫికేషన్ సంక్రాంతి అటూ ఇటూ, పరీక్ష ఏప్రిల్‌లో ఉంటుంది. అన్ని మండలాల్లో లేవు. మీ ఊరి నుంచి ఆ టైముకు బస్సు ఉందా లేదా అన్నది సీటు కంటే ముందు చూసుకోవాల్సిన విషయం.

ఏదీ రాకపోతే జిల్లా పరిషత్ హైస్కూల్ ఉండనే ఉంది. పరీక్ష లేదు, ఆదాయం అడగరు. జూన్ 12న బడి తెరవగానే పోయి చేర్పించడమే. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. నన్నడిగితే "ఏదీ రాకపోతే" అని దాన్ని చివర పెట్టడమే తప్పు. ఒక మధ్యాహ్నం మీ దగ్గరి హైస్కూల్‌కు పోండి. లెక్కల సార్, ఫిజిక్స్ సార్ ఉన్నారా, పోస్టు ఖాళీగా ఉందా అని అడగండి. ఇద్దరూ ఉన్నారంటే మూడు పరీక్షల చుట్టూ తిరగాల్సిన అవసరం అంతగా ఉండదు.

ఎల్కతుర్తి_నాన్న

సార్, మధ్యలో వస్తున్నా. మా ఎల్కతుర్తి ఇప్పుడు హన్మకొండ జిల్లా, 2016కు ముందు కరీంనగర్ జిల్లా. మా బాబుకు మామునూరు నవోదయా, కరీంనగర్ జిల్లా చొప్పదండి నవోదయా?

పరకాల_పంతులు

మంచి ప్రశ్న. కొత్త జిల్లాలో నవోదయ లేకపోతే, విద్యాలయం పెట్టినప్పటి పాత జిల్లా హద్దులే చూస్తామని వాళ్ల నిబంధనల్లో ఉంది. ఆ లెక్కన ములుగు, జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లో పాత వరంగల్ మండలాల పిల్లలు మామునూరుకు వస్తారు. మీ ఎల్కతుర్తి, కమలాపూర్, భీమదేవరపల్లి చొప్పదండికి పోవాలి. అయినా ఫారంలో జిల్లా ఎంచుకునే ముందు చొప్పదండి విద్యాలయానికి ఒక ఫోన్ కొట్టండి.

మహబూబాబాద్_అక్క

చెల్లె, కేజీబీవీ గురించి ఎవరూ చెప్పలేదేంది? కస్తూర్బా బడులు ఆడపిల్లలకే, ఆరు నుంచి ఉంటాయి. ప్రవేశ పరీక్ష లేదు. తల్లిదండ్రుల్లో ఒకరు లేనివాళ్లకు, బడి మానేసిన పిల్లలకు ముందు ఇస్తారు, తర్వాత పేదింటి బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ పిల్లలకు. మా చిన్నది అక్కడే చదివింది. మొదటి దసరాకు ఇంటికొచ్చి మళ్లీ పోనని మంచం కోడు పట్టుకుంది, సంక్రాంతికి వచ్చినప్పుడు సెలవులు అయిపోకముందే పెట్టె సర్దుకుంది. అందరు పిల్లలూ అట్ల ఉంటారని చెప్పను. రాత్రిళ్లు పక్క తడిపే అలవాటో, ఇంకేదైనా ఇబ్బందో ఉంటే మాత్రం తొందరపడి వేయకండి.

కుట్టుమిషన్_ఖానాపురం

అందరికీ దండాలు. వ్యాన్ ఎక్కిస్తే ఊరి కోటా పోతుందని ఇప్పుడే తెలిసింది, మా ఆయనకు చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. నవోదయకు ఈ వారమే వేయిస్తాం. ఇంకో భయం ఉంది సార్. ప్రైవేటు బడిలో పోయిన ఏడాది ఫీజు కొంత బాకీ ఉంది. మానిపిస్తామంటే టీసీ ఇవ్వమని ఇప్పటికే బెదిరిస్తున్నారు. నవోదయ సర్టిఫికెట్ మీద సంతకం అయినా పెడతారా?

పరకాల_పంతులు

సంతకానికీ బాకీకీ సంబంధం లేదు. పాప అక్కడ ఐదు చదువుతోందని ధ్రువీకరించడమే అది. మర్యాదగానే అడగండి, పెట్టకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు పోండి.

టీసీ విషయంలో విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ మీ వైపు ఉంది. వేరే బడికి పోతామంటే హెడ్ మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. అది ఆలస్యమైందని సర్కారు బడిలో చేర్చుకోవడం ఆపకూడదు. అంటే హైస్కూల్‌లో కూర్చోబెట్టడానికి టీసీ కోసం ఆగక్కర్లేదు. అసలు ఇబ్బంది కంప్యూటర్‌లో వస్తుంది. బడి పిల్లల వివరాలుండే సర్కారు వెబ్‌సైటు యూడైస్‌లో, పాత బడి వాళ్లు పాప పేరును డ్రాప్ బాక్స్‌లోకి, అంటే బడి మారే పిల్లల జాబితాలోకి వదిలితేనే కొత్త బడి వాళ్లు తీసుకోగలరు. కొన్ని బళ్లు టీసీ చేతికిచ్చి ఇది మాత్రం పట్టి ఉంచుతాయి. కాబట్టి టీసీ తీసుకునే రోజు "డ్రాప్ బాక్స్‌లో వేశారా?" అని అడిగి, పాప పెన్ నంబర్ (యూడైస్‌లో ప్రతి పిల్లకూ ఇచ్చే నంబర్) రాయించుకుని రండి. బాకీ మాట వేరు, దాన్ని వాయిదాల్లో కడతామని ఇప్పుడే ఒక కాగితం రాసి ఇచ్చి, జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. మార్చి దాకా ఆగకండి, అప్పుడు వాళ్ల మాట గట్టిగా ఉంటుంది.