రోగం నయం చేస్తే కంపెనీకి లాభమా, నెలనెలా గోలీలు అమ్మితే లాభమా?

ప్రశ్న (మిర్యాలగూడ):
అన్నలూ అక్కలూ, ఒక డౌటు తీర్చుర్రి. మా చిన్నాయినకు హెపటైటిస్ సి ఉండె, 12 వారాలు గోలీలు మింగిండు, మల్ల టెస్టు చేస్తే వైరస్ లేదన్నరు, అయిపాయె. మా అమ్మకేమో 14 ఏండ్ల సంది షుగరు, ఒకటో తారీఖు రాంగనే పాత చీటి పట్టుకొని మెడికల్ షాపుకు పోవుడే. నయం చేసే మందు కావాలనే తయారు చేస్తలేరా?

జవాబు (షాద్‌నగర్, ఫార్మాల పని):
తమ్మీ, నీ అనుమానం ఉత్తదేం కాదు. రోగులను నయం చేసుడు నిలబడే వ్యాపారమేనా అని 2018ల గోల్డ్‌మన్ శాక్స్ అనే అమెరికా బ్యాంకు రిపోర్టులనే అడిగిండ్రు, ఉదాహరణ కూడ హెపటైటిస్ సి మందులే. గిలియడ్ అనే కంపెనీ తెచ్చిన హెపటైటిస్ సి మందు సోఫోస్బువిర్‌కు 2013 డిసెంబర్ల అమెరికాల పర్మిషన్ వచ్చింది, గోలి 1,000 డాలర్లు, 12 వారాలకు 84,000. 2015ల ఈ మందుల మీదనే వాళ్ళకు 1,900 కోట్ల డాలర్ల దాక వచ్చింది, 2018కి 400 కోట్ల లోపటికి పడిపోయింది, ఒక కారణమేందంటే నయమైనోడు మల్ల రాడు, ఇంకొకరికి అంటించడు కూడ. కానీ అప్పటికే ఎంత సంపాదించిండ్రో చూడు! అందుకే షుగరు నయం చేసే మందు దాచిపెట్టిండ్రంటే నేను నమ్మ, ఒకడు దాస్తే ఇంకొక కంపెనీ ఊకుంటదా? మన హైదరాబాద్ నాట్కో 2015ల అదే మందు 28 గోలీల డబ్బా 19,900 రూపాయలకు తెచ్చింది, 2018 సంది సర్కారు స్కీముల ఫ్రీగ ఇస్తున్నరు.

జవాబు (దేవరకొండ, మెడికల్ షాపు):
దాచుడు కాదు గని పట్టించుకోకపోవుడు మాత్రం ఉన్నది. కడుపుల పుండ్లకు చానా వరకు ఒక బాక్టీరియా కారణమని మార్షల్, వారెన్ అనే డాక్టర్లు 1980లల్ల చెప్పిండ్రు, 2005ల నోబెల్ వచ్చింది. రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతోని పోతది, కానీ అవి పాత మందులు, పేటెంట్ లేదు, వాటి గురించి చెప్పనీకి మా షాపుకు ఒక్క కంపెనీ రెప్పు (మందుల ప్రచారం చేసేటోడు) రాలే, గ్యాస్ గోలీల రెప్పులు మాత్రం వారానికి ముగ్గురు. ఏండ్లకేండ్లు గ్యాస్ గోలీలు కొనేటోళ్ళకు ఆ బాక్టీరియా ఉన్నదేమో ఒకసారి టెస్టు చేయించుకోర్రి అని చెప్పి పంపుత.

జవాబు (మర్రిగూడ):
మా దిక్కు నీళ్ళల్ల ఉన్న ఫ్లోరైడ్‌తోని వంగిన బొక్కలకు మందే లేదు. ఉన్నది మంచినీళ్ళే, వాటిల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. పటిక, సున్నం ఏసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టిండ్రు, అయినా దాన్ల కంపెనీకి ఏం మిగుల్తది, సర్కారే చెయ్యాలె. ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్ళొస్తున్నయి, మా పిల్లల పండ్లు తెల్లగున్నయి. మా పెద్దమ్మకు మాత్రం ఆ నల్లా కింది బిందె ఎత్తనీకి నడుం లేవదు, నెలనెలా నొప్పి గోలీలు తెచ్చేది నేనే.