ఒంట్లో కొవ్వు జిమ్ మెషీన్ 31 శాతం అంటోంది, ఇంట్లో కాటా 24 అంటోంది, ఏది నమ్మాలి?

హన్మకొండ_వాకర్
అందరికీ నమస్తే. వయసు 34, ఎత్తు 170 సెం.మీ., బరువు 72 కిలోలు. మా గల్లీలో కొత్తగా పెట్టిన జిమ్‌లో వట్టి కాళ్లతో ఎక్కి రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకునే మెషీన్ ఉంది, ఒంట్లో కొవ్వు 31 శాతం అని స్లిప్ ఇచ్చింది, అది చేతిలో పెట్టీ పెట్టగానే ట్రైనర్ ప్యాకేజీల సంగతి ఎత్తుకున్నాడు. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో కొన్న కాటా ఎక్కితే 24. మర్నాడు భద్రకాళి బండ్ మీద నడిచొచ్చి చెమటతోనే ఎక్కితే 26! కాళ్లు చేతులు సన్నగానే ఉంటాయి, పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది. డెక్సా అనే ఎక్స్‌రే స్కాన్ తీయించుకో అని ఒకరు, టేపుతో కొలిస్తే చాలని ఒకరు. మస్తు కన్ఫ్యూజన్‌గా ఉంది.

ల్యాబ్_కరీంనగర్
అన్నా, ఆ రెండు మెషీన్లూ కొవ్వును కొలవవు, కరెంటుకు ఒళ్లు ఎంత అడ్డుపడుతుందో కొలుస్తాయి. కండలో నీళ్లెక్కువ కాబట్టి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఆ అడ్డుకు నీ వయసు, ఎత్తు, బరువు కలిపి కంపెనీ వాళ్లు తమ ఫార్ములాలో వేస్తారు, ఒక్కో కంపెనీది ఒక్కో ఫార్ములా. ఇంటి కాటాలో కరెంటు ఒక కాలు ఎక్కి ఇంకో కాలు దిగుతుంది, నీ పొట్ట సంగతి దానికి పెద్దగా తెలియదు, అందాజా వేస్తుంది. చెమట పోయి నీళ్లు తగ్గితే కొవ్వు ఎక్కువ చూపిస్తుంది, ఒళ్లు వేడెక్కితే ఉల్టా తక్కువ చూపిస్తుంది, అందుకే నడిచొచ్చి ఎక్కొద్దు. పొద్దున బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఎప్పుడూ అదే కాటా. జిమ్ వాళ్లు నీ ఎత్తు సరిగ్గా కొట్టారో లేదో కూడా చూసుకో.

కాజీపేట_టేపు
నా ఓటు టేపుకే. అమెరికా నేవీ కోసం 1984లో హాడ్జ్‌డన్, బెకెట్ తయారుచేసిన ఫార్ములా ఉంది, మగవాళ్లకు మెడ, నడుము, ఎత్తు చాలు, ఆడవాళ్లకు తుంటి కొలత కూడా కావాలి. నీ మెడ, నడుము ఎంతో చెప్పు.

హన్మకొండ_వాకర్
మెడ 38, బొడ్డు దగ్గర 92.

కాజీపేట_టేపు
దాదాపు 23 శాతం వస్తుంది. మెడ ఒక్క సెంటీమీటర్ తక్కువ పట్టినా ముప్పావు శాతం దాకా పెరుగుతుంది కాబట్టి ఆ 23ని రాసిపెట్టుకుని మురిసిపోకు. నాకైతే శాతం కంటే ఆ 92 ముఖ్యం. మన ఇండియన్ మగవాళ్లకు నడుము 90 లోపు ఉండాలంటారు, ఆడవాళ్లకు 80. కాకపోతే దానికి టేపు బొడ్డు మీద కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో పట్టాలి, పొట్ట లోపలికి పీల్చకుండా, మెల్లగా ఊపిరి వదిలాక.

సిరిసిల్ల_పద్మశాలి
కాళ్లు చేతులు సన్నగానే ఉన్నాయన్న ధీమా వద్దు తమ్ముడూ. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వేశారు, పుణె డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ యడ్కిన్ పక్కపక్కన, ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, 22.3 మాత్రమే. డెక్సాలో యడ్కిన్‌కు కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2! నీ బీఎంఐ 24.9, అంటే మామూలు చార్టులో నార్మల్, మనవాళ్ల లెక్కలో మాత్రం 23 దాటితే చాలు, అధిక బరువే. చర్మం మడత పట్టి చూసే కాలిపర్ చవకే కానీ చెయ్యి తిరిగినవాళ్లు పట్టాలి, పైగా అది చర్మం కిందిదే చూస్తుంది, పేగుల చుట్టూ ఉన్నది దానికి అందదు. డెక్సా వీటన్నిటికంటే నయం, రెండు రకాల ఎక్స్‌రేలతో ఎముక, కొవ్వు, కండ విడదీస్తుంది, రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువే. కానీ చాలాచోట్ల ఎముకల బలం కోసం వెన్ను, తుంటి మాత్రమే తీసి పంపిస్తారు, ఒళ్లంతా తీస్తారా అని ముందే ఫోన్ చేసి అడుగు. నన్నడిగితే ఇప్పుడు ఆ డబ్బులు దండగ, నడుము తగ్గించే పని చూడు.

హన్మకొండ_వాకర్
థాంక్స్ అక్కా, అందరికీ. డెక్సా ఇప్పుడు వద్దులే. ఇంకొక్కటి, మా బాపుకు పేస్‌మేకర్ ఉంది, నన్ను చూసి ఆయన కూడా కాటా ఎక్కుతా అంటున్నాడు.

ల్యాబ్_కరీంనగర్
అస్సలు ఎక్కనీయకు! పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కరెంటు పంపే కాటాలు వాడొద్దని ఆ డబ్బాలో వచ్చిన కాగితం మీదే ఉంటుంది చూడు. బాపుకు ముల్లు తిరిగే పాత కాటా, టేపు చాలు. నీ కాటా ఆయన చేతికందకుండా బీరువా మీద పెట్టు, మనవాళ్లు చెప్తే వినరు.