మా ఊరి కరెంటు స్తంభాలు ఇంకో తుపానుకు ఆగుతాయా?

ఉద్దానం కుర్రాడు: అందరికీ నమస్కారం. మాది పలాస వైపు, సముద్రం ఒడ్డు ఊరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు స్తంభాలూ పడిపోయి మా ఊరికి 19 రోజులు కరెంటు లేదు. మంచినీళ్ల ట్యాంకు నింపుకోవడానికి ఇంటికి ఇంత అని వేసుకుని జనరేటరు అద్దెకు తెచ్చుకున్నాం. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో భూమిలోపల కేబుళ్లు వేశారు కదా, మా పల్లెలకు ఎందుకు వేయరు? అక్టోబరు వస్తోందంటే మా అమ్మకు ఇప్పటికీ టెన్షనే.

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్: బాబూ, 2014లో హుద్‌హుద్ వచ్చాక విశాఖలోనూ, తిత్లీకి మీ వైపూ పనిచేశాను. విశాఖ కేబుళ్లు ప్రపంచ బ్యాంకు అప్పుతో వేసినవి. అక్కడ ఒక కిలోమీటరు తవ్వితే వందల ఇళ్లకు పనికొస్తుంది. మీ దగ్గర అదే కిలోమీటరులో నాలుగు మోటార్లు, పది ఇళ్లు. మీ వంతు వచ్చేదాకా ఆగొద్దు.

నేను కళ్లారా చూసింది చెబుతాను. ఒక తోటలో కొబ్బరిచెట్టు 11 కేవీ తీగ మీద పడింది. తీగ తెగలేదు. ఆ బరువుకు ఒక స్తంభం ఒరిగి పక్కదాన్ని లాగింది, అది దాని పక్కదాన్ని. వరసగా 14 పడుకున్నాయి. చూస్తే స్తంభాల మొదళ్ల దగ్గర కాంక్రీటే లేదు, ఇసుకలో పాతేశారు. మధ్యలో ఒక కట్ పాయింట్ (తీగను రెండువైపులా విడివిడిగా బిగించి కట్టే స్తంభం), గట్టి స్టే వైర్లు (స్తంభం ఒరగకుండా నేలకు లాగి కట్టే తీగలు) ఉంటే అక్కడితో ఆగేది. కాబట్టి స్తంభాల మొదళ్లకు కాంక్రీటు, కట్ పాయింట్లు, ఊళ్లో ఏబీ కేబుల్ (తొడుగున్న తీగలను కలిపి మెలేసిన కేబుల్), సబ్‌స్టేషన్‌కు రెండోవైపు నుంచి కూడా కరెంటు తెచ్చే 33 కేవీ లైను అడగండి. సెప్టెంబరు దాటకుండా కొమ్మలు కొట్టించాలి. దానికి తోటలవాళ్లు ఒప్పుకోవాలి, మమ్మల్ని వెనక్కి పంపిన ఊళ్లు చాలా ఉన్నాయి.

ఇంకొకటి. జనరేటరు వేసేముందు మెయిన్ దించండి. కరెంటు వెనక్కి లైనులోకి వెళ్తే స్తంభం మీదున్న మనిషి ప్రాణం పోతుంది.

విశాఖ నుంచి: తమ్ముడూ, మా వీధిలో కేబుల్ వేశారు. గాలివానకు కరెంటు పోవడం బాగా తగ్గింది. కానీ ఒకసారి జాయింటు కాలితే ఎక్కడో కనిపెట్టి తవ్వేసరికి తెల్లారిపోయింది.

ఉద్దానం కుర్రాడు: మాస్టారూ, అర్జీలో ఎలా రాయాలి?

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్: 'లైను బాగోలేదు' అని రాస్తే ఎవరూ కదలరు. లైను వెంట నడిచి, ఏ స్తంభానికి ఏమైందో నంబరుతో సహా రాయి. నంబరు చెరిగిపోతే సబ్‌స్టేషన్ నుంచి ఎన్నోదో లెక్కపెట్టు.

ఉద్దానం కుర్రాడు: ఈ ఉదయం మా బావతో కలిసి నడిచాను. మొత్తం 52 స్తంభాలు. ఏడు ఒరిగి ఉన్నాయి. చెరువుగట్టు మీద 31వ దానికి స్టే వైరు తెగిపోతే ఎవరో మేకల తాడు కట్టారు. ఫొటోలు తీశాను, సోమవారం ఇస్తున్నాను.