చర్చ: సంఘ సభ్యులతో ఒడంబడిక పత్రం మీద సంతకం పెట్టించాలా?

సీలోయం:
అందరికీ వందనాలు. 120 మంది దాకా ఉండే సంఘం అనుకోండి. పెద్దలు ఒక పేజీ ఒడంబడిక రాశారు. బాప్తిస్మం పొందిన ప్రతివారూ ఏటా జనవరి మొదటి ఆదివారం దాని మీద సంతకం పెట్టాలంటున్నారు. అందులో ఐదు మాటలు: ఆదివారం ఆరాధన మానకూడదు, వారం మధ్య గృహకూటానికి రావాలి, రాబడిలో పదో వంతు ఇవ్వాలి, ఏదో ఒక పరిచర్యలో చేయి వేయాలి, సంఘ క్రమశిక్షణకు లోబడాలి. వరుసగా మూడు ఆదివారాలు రాకపోతే పేరు కొట్టేస్తారు. సంతకం పెట్టనివారికి ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఉంటుంది గానీ ఓటూ పరిచర్యా ఉండవు. పూర్తి సమర్పణతో బతకాలన్న ఆశ మీద పేచీ లేదు. దాన్ని కాగితం మీదికి ఎక్కిస్తే బలపడుతుందా, బిగుసుకుపోతుందా? వాక్యంతో మాట్లాడండి, పని జరిగే తీరుతోనూ మాట్లాడండి. "ప్రార్థన చేద్దాం" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

నెహెమ్యా గోడ:
పెట్టించాల్సిందే. నెహెమ్యా 10 తీయండి, చెర నుంచి తిరిగొచ్చిన యూదులు రాసుకున్న ఒడంబడిక అది. అధిపతులు, యాజకులు, మందిర సేవ చేసే లేవీయులు కలిసి 84 పేర్లున్నాయి ముద్ర వేసినవారివి. ఊరికే "నిన్ను ప్రేమిస్తున్నాం ప్రభువా" అనలేదు వాళ్లు. విశ్రాంతి దినాన సరుకు కొనం, మందిరపు పనికి ఏటా తులంలో మూడో వంతు ఇస్తాం, బలిపీఠానికి కట్టెలు ఎవరెప్పుడు తేవాలో చీట్లు వేసుకున్నాం అని విడమరిచి రాశారు. కొత్త నిబంధనలోనూ పట్టీ ఉంది. 1 తిమోతి 5:9లో విధవరాండ్ర లెక్కలో చేర్చడానికి 60 ఏళ్ల హద్దు పెట్టారు. 2 కొరింథీ 2:6లో ఒకడికి పడిన శిక్ష ఎక్కువమంది వేసినదంటాడు పౌలు. లోపలివారెవరో తెలియకుండా ఎక్కువమంది ఎవరో ఎలా తేలుతుంది?

తొలి శతాబ్దాల సంఘం మనకంటే నిదానం. అపొస్తలిక సంప్రదాయం అని పేరున్న పాత క్రమంలో బాప్తిస్మానికి ముందు మూడేళ్లు వాక్యం వినాలి. శ్రద్ధ ఉన్నవాడైతే కాలం కాదు, నడవడి చూడండి అని కూడా అక్కడే ఉంది. విధవరాండ్రను ఆదరించాడా, రోగులను పరామర్శించాడా అని అడిగేవారు.

ఈ పని ఎక్కడైనా చెడితే తొందర వల్లే చెడుతుంది. ఆరాధన అయ్యాక వరుసలో నిలబెట్టి పెన్ను చేతికిస్తే అది హాజరు పట్టీ అవుతుంది, ఒడంబడిక కాదు. 6 నుంచి 8 వారాలు పాఠాలు చెప్పాలి. పత్రం మొదటి వారమే ఇంటికి పంపాలి, చివరి వారం కాదు. పాఠాలయ్యాక ఇద్దరు కలిసి, ఒక్కరు మాత్రం కాదు, ఓ గంట కూర్చుని మారుమనస్సు సాక్ష్యం వినాలి. వచ్చింది సోదరి అయితే ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ ఉండాలి. తర్వాత రెండు వారాలు ఎవరూ ఆ ఊసెత్తకూడదు. సంతకం ఆ పైన.

బెరయ వాసి:
10వ అధ్యాయం దగ్గరే ఆగిపోయారు బ్రదర్. 13 కూడా చదవండి. దేవుని మందిరాన్ని విడిచిపెట్టం అన్నది 10లో ఆఖరి మాట. నెహెమ్యా రాజు దగ్గరికి వెళ్లి తిరిగొచ్చేసరికి, మందిరాన్ని ఎందుకు విడిచిపెట్టారని ఆయనే అడగాల్సి వచ్చింది. భాగాలు అందక లేవీయులు పొలాల దారి పట్టారు. విశ్రాంతి దినాన ద్రాక్షగానుగలు తొక్కుతున్నారు. రాసుకున్నవన్నీ వరసపెట్టి తప్పారు. లేవీయుల సంగతిలో ఆయన రెండోసారి ముద్రలు వేయించలేదు. కొట్ల మీద నమ్మకస్థులు నలుగురిని పెట్టాడు: ఒక యాజకుడు, ఒక శాస్త్రి, ఒక లేవీయుడు, వారికి తోడు ఇంకొకడు. చెడింది పంచిపెట్టే ఏర్పాటు, బాగుచేసిందీ దాన్నే.

ఇక బాప్తిస్మం. అదే ఒడంబడిక కదా! దాని మీద ఇంకో మెట్టు కడితే బాప్తిస్మం పొంది సంతకం పెట్టనివాళ్లు రెండో తరగతి విశ్వాసులవుతారు. అవునంటే అవును, కాదంటే కాదు అని ప్రభువు చెప్పాక ఏటా ఇంకుతో ఎందుకు రుద్దడం?

పొలం అమ్మి డబ్బు అపొస్తలుల దగ్గరికి తెచ్చిన అననీయ సంగతీ (అపొస్తలుల కార్యములు 5) చూడండి. అమ్మకముందు పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ వశమే అన్నాడు పేతురు. అననీయ తప్పు కొంతే ఇవ్వడం కాదు, కొంత ఇచ్చి మొత్తమని చెప్పడం. రాబడిలో నాలుగు శాతం ఇచ్చేవాడి చేత అందరి ముందూ "పదో వంతు" అని సంతకం పెట్టించే ఆదివారం అననీయలను తయారుచేసే ఆదివారమే.

నెహెమ్యా గోడ:
13:25 కూడా ఉంది కదన్నా. దేవుని పేరట వాళ్లచేత ప్రమాణం చేయించాడు.

బెరయ వాసి:
చేయించాడు, కొందరిని కొట్టి, వెంట్రుకలు పెరికి. మీ పాఠాల్లో అది ఏడో వారమా, ఎనిమిదో వారమా?

కెంక్రేయ సిస్టర్:
మీరిద్దరూ గోడ దగ్గరే ఉన్నారు. నేను మూడు ఆదివారాల మాట ఎత్తుతున్నా. రాత్రి డ్యూటీ చేసే నర్సు, బాలింత, మంచంలో ఉన్న తల్లిని చూసుకునే కూతురు, విశ్వాసంలో లేని భర్త నెలకు రెండుసార్లే పంపే సోదరి. మొదట పోయే పేర్లు వీళ్లవే. సమర్పణ ఎక్కువ ఖర్చయ్యేదీ వీళ్లకే. హెబ్రీ 10:25లో సమాజంగా కూడడం మానవద్దన్న మాట ఒక్కటే తీసుకుని, ఒకరినొకరు హెచ్చరించుకోమన్న సగాన్ని వదిలేస్తే ఇదిగో ఇలా అవుతుంది.

గైర్హాజరు అంటే ఎవరో ఒకరు వాళ్ల గుమ్మం తొక్కాలని అర్థం. ఒక ఆదివారం రాకపోతే గృహకూటం నాయకుడు ఫోన్ చేయాలి, "ఎందుకు రాలేదు" అని కాదు, "ఎలా ఉన్నారు" అని. మూడు ఆదివారాలైతే ఇద్దరు ఇంటికి వెళ్లాలి. రాలేని స్థితి అయితే బల్ల వాళ్లింటికే తీసుకెళ్లాలి. ఆరు వారాలు దాటితే పెద్దల్లో ఒకరు వెళ్లాలి. ఆరు నెలలు, రెండు పరామర్శలు, ఒక ఉత్తరం, ఇవన్నీ అయ్యాకే పేరు సంగతి ఆలోచించాలి. అప్పుడు కూడా కొట్టేయకుండా వేరే పట్టీలోకి మార్చాలి.

"ఒక పరిచర్యలో చేయి వేయాలి" అన్న మాటకు పై హద్దు కూడా పెట్టండి. లేకపోతే 120 మందిలో అదే 15 మంది అన్నీ మోస్తారు. ఒక మనిషికి రెండుకు మించకూడదు, గడువు ఏడాది, తర్వాత మూడు నెలలు ఖాళీ. సండే స్కూల్ టీచర్‌ను నెలలో కనీసం ఒక ఆదివారం, అది బల్ల ఉన్న ఆదివారమైతే మంచిది, తరగతి నుంచి విడిపించాలి. సౌండ్ సిస్టమ్ దగ్గర కూర్చునే అబ్బాయి ఏడాదిగా ఒక్క ప్రసంగం కూడా మనసు పెట్టి విని ఉండడు. అతని కోసం ఇంకొకరికి ఆ పని నేర్పించండి.

మత్తయి సుంకం:
కానుకల మాటకు వస్తాను. పత్రంలో శాతం రాయొద్దు. 2 కొరింథీ 9:7 ప్రకారం ఎంతన్నది ఎవరి హృదయంలో వారు నిశ్చయించుకోవాలి. "క్రమంగా, రాబడికి తగినట్టుగా, సంతోషంగా ఇస్తాను" అని రాస్తే చాలు. దశమభాగం బోధించాలనుకుంటే ప్రసంగంలో బోధించండి. సంతకానికి కడితే అది బకాయి అవుతుంది.

దానికి జవాబుగా సంఘం రాయాల్సింది ఇంకా ముఖ్యం. కానుకలు తీసుకువెళ్లే పనిలో తన మీద తప్పు మోపే వీలు ఉండకూడదని పౌలు తీతుతో పాటు మరికొందరిని పంపాడు (2 కొరింథీ 8). ఆదివారం కానుకలు ఇద్దరు లెక్కపెట్టాలి. వాళ్లు భార్యాభర్తలో అన్నదమ్ములో కాకూడదు. ఆరాధన అయిన వెంటనే, సంఘ భవనంలోనే లెక్కించి, ఇద్దరూ చీటీ మీద సంతకం చేసి, మర్నాడు బ్యాంకులో వేయాలి. లెక్కపెట్టేవారు వేరు, ఖాతా రాసేవారు వేరు, చెక్కు మీద సంతకం చేసేవారు వేరు. చిన్న సంఘమని ముగ్గురి పనీ ఒకరికే అప్పగిస్తారు, జనం వేలెత్తి చూపేది అక్కడే. మూడు నెలలకోసారి జమాఖర్చు చదివి వినిపించాలి. కవర్ల మీద పేర్లుంటే ఎవరెంత ఇచ్చారో ఖాతా రాసే ఒక్కరికే తెలియాలి. పాస్టర్‌గారికి తెలియకూడదు.

గృహకూటం మాటకు ఒక చరిత్ర. మెథడిస్టుల క్లాస్ మీటింగులు 1742లో బ్రిస్టల్‌లో పుట్టింది కట్టడం అప్పు తీర్చడానికి. 12 మందికి ఒక నాయకుడు, మనిషికి వారానికి ఒక పెన్నీ, ఇవ్వలేనివారిది నాయకుడే వేసుకోవాలి. ఇల్లిల్లూ తిరిగేసరికి ఎవరి బతుకెలా ఉందో తెలిసొచ్చింది. అప్పు కోసం మొదలైనది ఆత్మల కాపుదల అయింది. ఇప్పటికీ ఒక గుంపు 8 నుంచి 12 మందే ఉండాలి. 15 దాటితే ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు ఆమేన్ అంటారు.

నెహెమ్యా గోడ:
పాస్టర్‌గారికి ఎందుకు తెలియకూడదు? ధనాపేక్ష ఆత్మీయ రోగం. రోగం తెలియకుండా వైద్యం ఎలా?

మత్తయి సుంకం:
తెలిసిన మరుసటి ఆదివారం నుంచి పెద్ద కవరు ఇచ్చినాయన ముందు వరుసలోకి వస్తాడు కాబట్టి. ధనవంతుడికి మంచి చోటిచ్చి పేదవాణ్ని నిలబెట్టే సంఘం గురించి యాకోబు 2 ఊహించి రాసింది కాదు. పైగా ఆ ధనవంతుడిదే తప్పు అయిన రోజున గద్దించడానికి పాస్టర్‌గారికి నోరు రాదు.

రెండో మైలు:
అసలు ప్రమాదం ఐదో మాటలో ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. "క్రమశిక్షణకు లోబడాలి" అంటే దేనికి? ఏ మెట్ల ప్రకారం? రాయకపోతే పెద్దల ఇష్టానికి లోబడడమే.

మత్తయి 18:15-17లో మెట్లున్నాయి. మొదట ఒంటరిగా. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని. అప్పటికీ వినకపోతే సంఘానికి. అదీ వినకపోతే బయటివాడిగా ఎంచడం. చెడిపోయే చోట్లు చెబుతాను. ఒకటి, మొదటి మెట్టు ఎక్కకుండానే వాట్సాప్ గుంపులో "ఫలానావారి కోసం ప్రార్థించండి" అని వస్తుంది. రెండు, వెంట తీసుకెళ్లినవారు సాక్షులుగా ఉండరు, మొదటివాడి పక్షం మాట్లాడే బలగంగా ఉంటారు. రెండు వైపులా విని ఏం మాట్లాడారో తేదీతో రాసిపెట్టడం వాళ్ల పని. మూడు, మెట్టుకీ మెట్టుకీ మధ్య వ్యవధి ఉండదు. కనీసం రెండు వారాలు ఇవ్వాలి, మారడానికి మనిషికి పొద్దు కావాలి. నాలుగు, తిరిగి చేర్చుకునే మెట్టు ఎవరూ రాయరు. 2 కొరింథీ 2:7లో ఆ మనిషి అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించమన్నాడు. ఏది జరిగితే ఆంక్ష ఎత్తేస్తారో మొదటి రోజే చెప్పాలి.

పిల్లల మీద అఘాయిత్యం, ఇంట్లో కొట్టడం, డబ్బు కాజేయడం లాంటివి మత్తయి 18తో మొదలుపెట్టకూడదు. దెబ్బతిన్న మనిషిని "ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అని కొట్టినవాడి దగ్గరికే పంపడం క్రూరత్వం. ముందు కాపాడాలి, చట్టానికి తెలపాలి, సంఘం మాట ఆ తర్వాత. పెద్దల మీదే ఫిర్యాదైతే 1 తిమోతి 5:19-20: ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే వినాలి, పాపం తేలితే అందరి ఎదుట గద్దించాలి. ఎవరి దగ్గర ఫిర్యాదు చేయాలో, ఆ పెద్దకు సంబంధం లేని ఇద్దరి పేర్లతో పత్రంలోనే ఉండాలి.

1970ల్లో అమెరికాలో షెపర్డింగ్ ఉద్యమం అని ఒకటి లేచింది. ప్రతి విశ్వాసీ ఒక వ్యక్తిగత కాపరికి లోబడాలన్న బోధ. కొన్నిచోట్ల అది ఎంతదాకా పోయిందంటే ఉద్యోగం, పెళ్లి కూడా ఆ కాపరి సమ్మతితోనే. దాన్ని నడిపిన బోధకుల్లో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ 1989లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కాబట్టి పత్రంలో "లోబడతాను" అన్న మాట పక్కనే ఏ విషయాల్లో లోబడక్కర్లేదో కూడా రాయాలి: పెళ్లి సంబంధం, ఉద్యోగం, నివాసం, ఓటు, వైద్యం. సలహా అడగొచ్చు, అనుమతి అక్కర్లేదు.

బెరయ వాసి:
దీనికి నా ఆమేన్. ఇంకొకటి చేర్చండి: వెళ్లిపోయే తలుపు. 1989లో ఓక్లహోమా సుప్రీం కోర్టు తీర్పు ఉంది. ఒక సోదరి సభ్యత్వం వదులుకుంటున్నానని రాసిచ్చాక కూడా పెద్దలు ఆమె సంగతి సభలో చదివారు. సభ్యురాలిగా ఉన్నంతవరకే సంఘ క్రమశిక్షణకు రక్షణ, వదిలాక జరిపినదానికి లేదని కోర్టు తేల్చింది. అమెరికా చట్టం మనకెందుకంటారా? న్యాయం అయితే అదే కదా.

సన్యాసుల మఠాలకు బెనెడిక్టు రాసిన నియమం 58వ అధ్యాయం కూడా చూడండి. కొత్తవాడికి నియమం రెండు నెలలయ్యాక ఒకసారి, ఆపై ఆరు నెలలకు, ఆపై నాలుగు నెలలకు మొత్తం మూడుసార్లు చదివి వినిపిస్తారు. మొదటిసారి చదివాక, ఉండగలిగితే ఉండు, లేకపోతే స్వేచ్ఛగా వెళ్లు అంటారు. చివరికి స్వహస్తంతో ప్రమాణ పత్రం రాసి బలిపీఠం మీద పెడతాడు. అతను వేసుకొచ్చిన బట్టలు మాత్రం భద్రంగా దాస్తారు, వెళ్లేరోజు తొడుక్కుని పోవడానికి. పత్రం తిరిగివ్వరనుకోండి, అది వేరే చర్చ. అంత కఠినమైన మఠంలోనే బట్టలు దాచారు. మన పత్రంలో తలుపు ఊసే లేదు.

నెహెమ్యా గోడ:
ఒప్పుకుంటున్నా. సంతకం ఉండాలన్న మాట మీదే ఉన్నాను గానీ పత్రం తిరగరాయాలి. ఒక పక్క సభ్యుడు చేసేవి, ఇంకో పక్క సంఘం చేసేవి: పరామర్శ, లెక్క చూపడం, ఫిర్యాదు వినడం, బోధ, వేరే సంఘానికి వెళ్లేటప్పుడు పరిచయ ఉత్తరం. సభ్యుడితో పాటు పెద్దలూ దానిమీదే సంతకం పెట్టాలి. పెద్దలు తప్పితే ఎవరు అడుగుతారో కూడా ఉండాలి. ఏటా సంతకం మాత్రం వదులుకోలేను. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1755లో మొదలుపెట్టిన ఒడంబడిక ఆరాధన ఇప్పటికీ చాలా మెథడిస్టు సంఘాల్లో ఏటా జరుగుతోంది.

బెరయ వాసి:
అది దేవునితో చేసే ప్రార్థన బ్రదర్. అందరూ కలిసి నిలబడి చెప్పేది. ఎవరు చెప్పలేదో రాసుకుని జనవరి రెండో వారం ఓటు తీసేసే పట్టీ కాదు. ఏటా ప్రార్థన పెట్టండి, నేను ముందు వరుసలో ఉంటా. సంతకం ఒక్కసారి చాలు.

కెంక్రేయ సిస్టర్:
వెళ్లే ఉత్తరం సంగతి తేలకుండా పోతోంది, నేను ముసాయిదా పెడుతున్నా. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే గురించి పౌలు రాసింది రోమా 16లో రెండే వచనాలు: ఎవరు, ఏ సంఘంలో ఏం చేసింది, ఎలా చేర్చుకోవాలి, ఏ సాయం చేయాలి. అంతకు మించి వద్దు. అడిగిన 14 రోజుల్లో ఇవ్వాలి. ఎందుకు వెళ్తున్నావని అడగొచ్చు గానీ జవాబు చెబితేనే ఉత్తరం అనకూడదు. కానుకల లెక్క, హాజరు అందులో రాయకూడదు. క్రమశిక్షణ నడుస్తుంటే దాచకూడదు, "ఒక సంగతి ఇంకా తేలలేదు, మాతో మాట్లాడండి" అన్న ఒక్క వాక్యం, అదీ ఆ మనిషికి ముందు చూపించి. అందిన సంఘం వారంలోగా "చేరారు" అని తిరిగి రాయాలి, అప్పుడే పాత పట్టీలోంచి పేరు తీయాలి. ఈ మధ్య రోజుల్లో జబ్బు చేస్తే ఎవరు వెళ్లాలన్నది కూడా రాయండి. నా లెక్కలో పాత సంఘమే వెళ్లాలి. నెహెమ్యా బ్రదర్, మీ పత్రంలో దీనికి చోటుందా?