పొద్దున పీహెచ్ 7.9, సాయంత్రం 9.1: చెరువులో ఏ సున్నం, ఎప్పుడు వేయాలి?

గట్టుమీద_కాపరి
కైకలూరు దగ్గర ఎకరంన్నర వనామి రొయ్యల చెరువు. పిల్ల వదిలి 48 రోజులు. బోరు నీరు, ఉప్పదనం వెయ్యికి 4, లోతు నాలుగడుగులు. వారం నుంచి పొద్దున ఆరింటికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7.9 ఉంటే సాయంత్రం నాలుగింటికి 9.1 చూపిస్తోంది. నీరు చిక్కటి ఆకుపచ్చగా తిరిగింది. నిన్న ల్యాబ్‌లో ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 90, మొత్తం అమ్మోనియా 1 అని రాసిచ్చారు. రొయ్య ఎంత తిన్నదో చూసేందుకు దించే చెక్ ట్రేలో మేత మిగులుతోంది, కొన్ని రొయ్యలు పట్టుకుంటే గుల్ల మెత్తగా తగులుతోంది. సున్నం వేయాలా, వేస్తే ఎప్పుడు? మేత ఎంత తగ్గించాలి? నా దగ్గరున్న పెన్ను లాంటి మీటరును నమ్మవచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. అప్పు తెచ్చి వేసిన పంట ఇది.

మూడెకరాల_చెరువు
సున్నం అన్న మాట చూసి ఆగలేకపోయాను. తమ్ముడూ, ముందు ఆ బస్తా దించి పక్కన పెట్టు. పోయిన వేసవిలో నాదీ ఇదే కథ. నీరు ఆకుపచ్చ, సాయంత్రం పీహెచ్ 9 దాటింది. ఆల్కలినిటీ తక్కువగా ఉంది, సున్నం కొట్టమన్నారు. కొట్టులో అడిగితే "సున్నం సున్నమే, ఏదైతే ఏమిటి" అని ఒక బస్తా అంటగట్టారు. మధ్యాహ్నం మూడింటికి ఎకరానికి యాభై కిలోలు చల్లించాను. సాయంత్రానికి 9.5. తెల్లవారి చెక్ ట్రే ఎత్తితే అందులో చచ్చిన రొయ్యలు, బతికినవన్నీ గట్టు వారకు చేరి ఉన్నాయి. ఆ ట్రే ఎత్తిన క్షణం ఇప్పటికీ మరిచిపోలేదు. అది చల్లార్చిన సున్నమట. నాకెవరూ చెప్పలేదు.

భీమవరం_వనామి
ఒకరికి పోయిందని సున్నం మీద నింద వేయకండి. నేను 2012 నుంచి వనామి వేస్తున్నాను, అంతకుముందు టైగర్ రొయ్య వేశాను. ప్రతి పంటకూ సున్నం వేస్తాను, పగలే వేస్తాను. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు సరిగ్గా తిరగని చెరువులో ఏది వేసినా రొయ్య చస్తుంది.

మూడెకరాల_చెరువు
నా చెరువులో ఆరు ఏరేటర్లు తిరిగాయి సార్. చూడకుండా మాట్లాడవద్దు.

పసుపు_పారాణి
మీరిద్దరూ చెబుతున్నది వేరు వేరు సున్నాల గురించి, అందుకే పొసగడం లేదు. మా ఇంట్లో చెరువు లెక్కలన్నీ నేనే చూస్తాను. బస్తా మీద ఏమి రాసి ఉన్నా గుప్పెడు తీసి పరీక్ష చేయకుండా చల్లనివ్వను. స్టీలు గిన్నెలో కొంచెం పొడి వేసి నీళ్ళు పోస్తే బుసబుసమని గిన్నె చేయి కాలేంత వేడెక్కితే అది కాల్చిన సున్నం. వేడెక్కకుండా, చిటికెడు పసుపు కలపగానే దిష్టి నీళ్ళలా ఎర్రబడితే చల్లార్చిన సున్నం. పసుపు అంతగా ఎర్రబడక, నిమ్మకాయ పిండితే నురగ కక్కితే సున్నపురాయి పొడి. డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి) కూడా నురగ కడుతుంది కానీ నెమ్మదిగా. మూడోరకం పోసి ఎంత కలిపినా నీటి పీహెచ్ దానంతట 8.3 దగ్గర ఆగిపోతుంది. చల్లార్చిన సున్నం తేట నీరు మాత్రం 12 దాటుతుంది. రెండింటికీ ఒకటే పేరు పెట్టి పిలుస్తున్నాం, నష్టం అక్కడే వస్తోంది.

కొల్లేటి_గాలి
మరి గుల్ల సున్నం? మా నాన్న కాలం నుంచి అదే వాడుతున్నాం. నత్తగుల్లలు కదా, సహజమైనది, ఏమీ చేయదు.

పసుపు_పారాణి
గుల్లను కాల్చారా, ఊరికే పొడి కొట్టారా అన్నది అడగండి. పొడి కొడితే అది సున్నపురాయితో సమానం. బట్టీలో కాలిస్తే లోపలి బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) పోయి కాల్చిన సున్నమే మిగులుతుంది. నత్త నుంచి వచ్చిందని దాని ఘాటు తగ్గదు.

కొల్లేటి_గాలి
మా నాన్నకు తెలియనిది మీకు తెలుసా అమ్మా? ముప్పై ఏళ్ళు చేశారాయన.

పసుపు_పారాణి
మీ నాన్నగారి మీద నాకు గౌరవమే అన్నా. ఆయన రోజుల్లో ఎకరానికి ఇన్ని పిల్లలు వదిలేవారు కాదు, ఇంత మేత పడేది కాదు, నీరు ఇంత ముదిరేది కాదు. కాల్చిన గుల్ల పసుపును ఎర్రబరుస్తుందో లేదో ఈ రోజే చూసి ఇక్కడ రాయండి.

రసాయనం_మాస్టారు
ఇంటర్ పిల్లలకు ఆమ్లాలు, క్షారాలు, లవణాలు పాఠం చెబుతాను. మా బావమరిది చెరువు కోసం ఈ లెక్క వేసిచ్చాను, మీకూ పనికొస్తుంది. 7.9 నుంచి 9.1 అంటే ఒకటి పైచిల్లర తేడా అనుకోకండి. పీహెచ్‌లో ఒక్క అంకె మారితే పది రెట్లు. మీ నీటిలో హైడ్రోజన్ అయాన్లు పొద్దుటితో పోలిస్తే సాయంత్రానికి దాదాపు పదహారో వంతుకు పడిపోతున్నాయి. దీనికి కారణం నాచు. ఎండలో అది నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, కార్బానిక్ ఆమ్లం తగ్గి పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి నాచూ రొయ్యలూ అడుగు బురదా అన్నీ ఊపిరి వదులుతాయి, మళ్ళీ దిగుతుంది.

ఇప్పుడు అమ్మోనియా సంగతి. ల్యాబ్ చీటీలో మొత్తం 1 అని ఉంది. నీరు 30 డిగ్రీలు ఉంటే, 7.9 దగ్గర అందులో సుమారు ఆరు శాతమే విషపు అమ్మోనియా, తక్కినది అమ్మోనియం అయాన్, దానితో అంత ప్రమాదం లేదు. అదే నీరు 9.1కి ఎక్కితే దాదాపు సగం విషంగా మారుతుంది. ఉప్పదనం వల్ల కొంచెం తగ్గవచ్చు, అంతే. కొత్తగా ఒక్క గ్రాము కూడా చేరలేదు, పీహెచ్ మారినందుకే సగం విషమైంది. మూడెకరాల అన్నగారి రొయ్యలను పొట్టన పెట్టుకున్నది నా ఉద్దేశంలో ఇదే.

మూడెకరాల_చెరువు
మాస్టారూ, ఈ ఆరు ముక్కలు పోయిన ఏడాది ఎవరైనా చెప్పి ఉంటే నా భార్య గాజులు ఇంట్లో ఉండేవి.

చౌడునేల
మాది వరి, పల్నాడు వైపు. చెరువులు తెలియవు కానీ పీహెచ్ తెలుసు. మాది కారు చౌడు, పీహెచ్ 9 పైన. జిప్సం వేసి, నీరు నిలగట్టి, మురుగు తీసి, జీలుగ కలియదున్నాక మూడేళ్ళకు నేల దారికి వచ్చింది. పీహెచ్ తగ్గాలంటే జిప్సం వేయండి. అది ఆమ్లం కదా.

రసాయనం_మాస్టారు
జిప్సం ఆమ్లం కాదండీ. అది కాల్షియం సల్ఫేట్, తటస్థ లవణం. మీ నేలలో మట్టిని పట్టుకున్న సోడియంను కాల్షియం నెట్టేసింది, మీరు పెట్టిన నీటితో ఆ సోడియం మురుగులో పోయింది. పని చేసింది కాల్షియం, ఆమ్లం కాదు. అన్ని లవణాలూ తటస్థమని కూడా అనుకోవద్దు. నీటిలో వేస్తే పటిక ఆమ్ల గుణం చూపిస్తుంది, చాకలి సోడా క్షార గుణం చూపిస్తుంది, ఉప్పు ఎటూ మొగ్గదు.

భీమవరం_వనామి
ఇక్కడే పాఠానికీ గట్టుకూ తేడా తెలుస్తుంది. నేను జిప్సం వేశాక ఆల్కలినిటీ 110 నుంచి 190కి ఎక్కింది. చీటీ నా దగ్గరే ఉంది. తటస్థం అంటారేమిటి?

రసాయనం_మాస్టారు
జిప్సంతో ఆల్కలినిటీ పెరగడం అసాధ్యం. అందులో ఆల్కలినిటీ ఇచ్చే కార్బొనేటూ లేదు, బైకార్బొనేటూ లేదు, హైడ్రాక్సైడూ లేదు. లేనిది నీటిలోకి ఎలా వస్తుంది?

భీమవరం_వనామి
అసాధ్యం అని తరగతి గదిలో చెప్పండి. ఏటా పాతిక లక్షల మేత కొనేవాడిని నేను. అంకె కళ్ళతో చూశాను.

కొల్లేటి_గాలి
మాస్టార్లకు చెరువు నప్పదు. అన్నగారు చెప్పిందే నిజం.

పసుపు_పారాణి
అన్నగారూ, ఆ చీటీలో 190 ఏ వరుసలో ఉందో ఒకసారి చూసి చెప్పండి.

ల్యాబ్‌లో_పదేళ్ళు
నేను ఆక్వా ల్యాబ్‌లో పదేళ్ళుగా నీటి పరీక్షలు చేస్తున్నాను. రోజుకు నలభై సీసాలు నా చేతి మీదుగా పోతాయి, ఈ తగవు వారానికోసారి తీరుస్తాను. చీటీలో ఆల్కలినిటీ ఒక వరుస, హార్డ్‌నెస్ ఇంకో వరుస. రెండింటినీ కాల్షియం కార్బొనేట్ లెక్కలోకి మార్చి, లీటరుకు మిల్లీగ్రాముల్లోనే రాస్తాం. అంకెలు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి రైతులు ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు. హార్డ్‌నెస్ అంటే నీటిలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం. జిప్సం దాన్నే పెంచుతుంది. ఆల్కలినిటీ అంటే ఆ నీరు ఎంత ఆమ్లాన్ని తట్టుకోగలదన్నది.

దాన్ని ఎలా చూస్తామో చెబుతాను. 50 మిల్లీలీటర్ల చెరువు నీటిలో రెండు చుక్కలు మిథైల్ ఆరెంజ్ వేస్తే పసుపు రంగు వస్తుంది. బ్యూరెట్ (గీతలున్న కొలత గొట్టం) నుంచి బాగా పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్క చుక్కగా వదులుతూ ఫ్లాస్కును చేత్తో తిప్పుతూ ఉంటాను. చాలాసేపు ఏమీ మారదు. బైకార్బొనేట్ ఒక్కో చుక్కను మింగేస్తూ ఉంటుంది. అది అయిపోయిన చుక్కకు పసుపు కాస్తా నారింజ అవుతుంది. 4.5 మిల్లీలీటర్లు పట్టిందంటే ఆల్కలినిటీ 90, అంటే ఈ తమ్ముడి చెరువు. మింగే శక్తి అంత తక్కువ కాబట్టే పీహెచ్ పొద్దునకూ సాయంత్రానికీ ఊయలలా ఊగుతోంది. 150 ఉన్న చెరువులో ఇదే నాచు ఉన్నా ఇంతగా ఊగదు.

భీమవరం_వనామి
చీటీ తీసి చూశాను. 190 హార్డ్‌నెస్ వరుసలోనే ఉంది. ఆల్కలినిటీ 110 నుంచి 105 అయింది. సరే. కానీ జిప్సం వేశాక పీహెచ్ తగ్గింది, గుల్ల గట్టిపడింది. అదీ అబద్ధమంటారా?

రసాయనం_మాస్టారు
అనను. మీది నూరు శాతం నిజం. కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో జిప్సం పడితే, సాయంత్రం పోగయ్యే కార్బొనేట్‌తో కాల్షియం జతకట్టి సున్నపురాయిగా అడుగుకు దిగుతుంది. అందుకే పీహెచ్ తగ్గింది, ఆల్కలినిటీ అయిదు పడిపోయింది. రొయ్యకు గుల్ల కట్టడానికి కాల్షియం దొరికింది. ఇందాక తరగతి గది అన్నందుకు నాకూ కోపం వచ్చింది, నా మాటా పరుషంగానే పడింది.

తవుడు_బెల్లం
ఇంత చదివాను, అసలు మందు ఎవరూ చెప్పలేదు. తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి డ్రమ్ములో ఒకటి రెండు రోజులు పులియబెట్టి పొద్దున చల్లండి. బాక్టీరియా దాన్ని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పీహెచ్ దిగుతుంది. నా చెరువులో నాలుగు రోజులకు 9.0 నుంచి 8.5కి వచ్చింది.

మూడెకరాల_చెరువు
ఆ రాత్రి ఏరేటర్లు ఒక్క గంట కూడా ఆపకూడదని కూడా రాయండి. తినే బాక్టీరియా ఆక్సిజన్ కూడా తింటుంది. కరెంటు పోతే జనరేటర్ సిద్ధంగా లేనివాళ్ళు ఆ డ్రమ్ము జోలికి పోవద్దు.

కొత్తగా_దిగాను
యాసిడ్ పోస్తే తేలికగా అయిపోతుంది కదా? బాత్‌రూము కడిగేది చవకగా దొరుకుతుంది.

ల్యాబ్‌లో_పదేళ్ళు
దయచేసి పోయవద్దు. పోసిన యాసిడ్ ముందు మీ బైకార్బొనేట్‌నే తినేస్తుంది. ఆ పూటకు పీహెచ్ పడుతుంది, మర్నాడు ఎండకు మళ్ళీ ఎక్కుతుంది. ఈసారి ఆపే ఆల్కలినిటీ కూడా ఉండదు. పడిన చోట రొయ్య మొప్పలు కాలిపోతాయి.

గట్టుమీద_కాపరి
అందరికీ దండం. మేత గురించీ మీటరు గురించీ ఇంకా ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్‌లో_పదేళ్ళు
మీటరు చివర గాజు బుడగ ఎండిపోయి ఉందా? బుడగ పొడిగా ఉంటే అది చూపించే అంకెకు విలువ లేదు. వట్టి డిస్టిల్డ్ నీటిలోనూ ఉంచకూడదు, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. 7, 10 బఫర్ పొట్లాలతో (నీటిలో కలిపితే పీహెచ్ కచ్చితంగా అంతే ఉండే పొడులు) సరిచూడండి. చాలామంది 4, 7 తో సరిచూసి 9 కొలుస్తారు. మీ చెరువు ఎప్పుడూ 7 పైనే కదా, 4 తో మీకేమి పని?

పసుపు_పారాణి
మేత: చెక్ ట్రేలో మిగులుతుంటే మూడో వంతు తగ్గించండి, మధ్యాహ్నపు మేత పూర్తిగా ఆపండి. తినని మేతే అమ్మోనియా అవుతుంది. ఆల్కలినిటీకి వంట సోడా మంచిది, పీహెచ్‌ను 8.3 దాటించదు. కానీ ఖర్చు చూసుకోండి. మీ ఎకరంన్నర చెరువులో పది అంకెలు పెరగాలంటే సుమారు 120 కిలోలు పడుతుంది. నేనైతే కొంత సోడా, కొంత డోలమైట్, రాత్రి పదింటి తర్వాత వేస్తాను. రాత్రి నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి రాయిపొడి కొద్దికొద్దిగా బైకార్బొనేట్‌గా కరుగుతుంది. పగలు అది అడుగుకు పోయి కూర్చుంటుంది.

కొల్లేటి_గాలి
గుల్ల సున్నం పరీక్ష చేశాను. పసుపు వేయగానే ఎర్రగా అయింది. నీళ్ళు పోస్తే గిన్నె కాలింది. నాన్నకు చూపించాను. "పంటకు ముందు ఎండిన చెరువులోనే వేసేవాళ్ళం, రొయ్య ఉండగా ఎప్పుడూ వేయలేదు" అన్నారు. ఆ ముక్క నాకు తెలియదు. అమ్మా, ఇందాక తొందరపడ్డాను.

గట్టుమీద_కాపరి
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. బుడగ ఎండిపోయే ఉంది. నానబెట్టి సరిచూస్తే నా మీటరు 0.4 ఎక్కువ చూపిస్తోందని తేలింది. అంటే ఆ సాయంత్రం 9.1 కాదు, 8.7. మాస్టారి లెక్క ప్రకారం విషపు అమ్మోనియా సగం కాదు, మూడో వంతు లోపు. మేత తగ్గించాను. రెండు రాత్రులు సోడా, డోలమైట్ వేశాను. నాలుగో వంతు నీరు మార్చాను. ఈ రోజు పొద్దున 7.7, సాయంత్రం 8.4. ఆల్కలినిటీ 115. చెక్ ట్రే ఖాళీగా వస్తోంది. గుల్ల ఇంకా కొన్నిటికి మెత్తగానే ఉంది.

భీమవరం_వనామి
హార్డ్‌నెస్ ఎంత ఉందో చూపించావా తమ్ముడూ? గుల్ల మెత్తదనానికి అది చూడాలి. తక్కువగా ఉంటే జిప్సం. చీటీలో సరైన వరుస చూడు.

చౌడునేల
ఆ 7, 10 పొట్లాలు నరసరావుపేటలో ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా? మట్టి పరీక్షకు నా మీటరు కూడా రెండేళ్ళుగా పొడిగానే ఉంది.